సనద్ కోసం: కంచన్‌బాగ్‌లో సీసీఎన్‌ఏ చదువుల తారీఖ్

హైదరాబాద్ పాత బస్తీ తారీఖ్ అనగానే చార్మినార్, చౌమహల్లా, నవాబుల ముచ్చట్లు మొదలవుతాయి. అవి ఉండాల్సిందే. కానీ మా మొహల్లాల అసలు తారీఖ్ ఇమ్తెహాన్ల తారీఖ్. ఏ జమానాలో ఏ కాగజ్ చేతిలో ఉంటే ఇంట్లో పొయ్యి వెలిగింది, ఏ కాగజ్ ఒక్క ఏడాదిలో రద్దీవాడి తక్కెట్లోకి పోయింది, ఇది రాసుకుంటూ పోతే నాలుగు తరాల కథ బయటికొస్తుంది. ఆ వరుసలో కొత్త కాగజ్ కంప్యూటర్ నెట్‌వర్కింగ్ ఇమ్తెహాన్. సీసీఎన్‌ఏ అంటారు. పూర్తి పేరు సిస్కో సర్టిఫైడ్ నెట్‌వర్క్ అసోసియేట్. కంచన్‌బాగ్, హాఫిజ్ బాబా నగర్, ఫిసల్‌బండ, సంతోష్‌నగర్ గల్లీల్లో ఈ అక్షరాలు తెలియని ఇల్లు తక్కువ. ఆ ఇంట్లో ఎవరూ చేయకపోతే పక్కింట్లో చేసినవాడుంటాడు. వాడు రియాద్‌లోనో దోహాలోనో ఉంటాడు.

కంచన్‌బాగ్ పేరు చెప్తే దేశానికి గుర్తొచ్చేది వేరే. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ ఇక్కడివే. భారత్ డైనమిక్స్ 1970లో, మిశ్రధాతు నిగమ్ 1973లో మొదలయ్యాయి. మిశ్రధాతు నిగమ్ అని ఎవరూ అనరు, మిధాని అంటేనే ఆటోవాలాకు అర్థమవుతుంది. ఏపీజే అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. మిసైళ్ల కార్యక్రమం 1983లో మొదలైంది. 1988లో పృథ్వీ, 1989లో అగ్ని ఎగిరాయి. ఇప్పుడు ఒవైసీ హాస్పిటల్ చౌరస్తా నుంచి మిధాని వైపు పోయే ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు, 2021లో.

పొడుగాటి ప్రహరీ గోడలు, పైన ముళ్ల తీగ, గేటు దగ్గర సిపాయీలు. గోడకు అవతల దేశంలోనే పెద్ద ఇంజనీర్లు. ఇవతల చాయ్ హోటళ్లు, వెల్డింగ్ దుకాణాలు, అరవై గజాల ఇళ్లు. అవతలికి మా పిల్లలు అసలే పోలేదని కాదు. ఐటీఐ చేసి అప్రెంటిస్‌గా పోయినవాళ్లున్నారు. కానీ ఆ గేటు దాటడం కన్నా సముద్రం దాటడమే మావాళ్లకు ఆసాన్ అనిపించింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఇవతలి పిల్లలు నేర్చుకునే ఇంటర్నెట్ కూడా పుట్టింది రక్షణ శాఖ ఇంట్లోనే. అమెరికా రక్షణ శాఖ డబ్బుతో 1969లో ఆర్పానెట్ మొదలైంది. 1983 జనవరి 1న అది టీసీపీ/ఐపీకి మారింది. మా గోడ అవతల మిసైళ్ల పని మొదలైందీ ఆ సంవత్సరమే.

ఇక సనదుల ముచ్చట.

నిజాం రియాసత్‌లో దఫ్తర్ భాష చాలాకాలం ఫార్సీ. ఫార్సీ రానివాడికి కచేరీలో కలం దొరికేది కాదు. 1884లో రెండో సాలార్‌జంగ్ జమానాలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. తాత ముత్తాతల నుంచి ఫార్సీ ఇన్షా నేర్చుకున్న ఖాందాన్లు ఒక్క ఫర్మాన్‌తో పాతబడిపోయాయి. దీన్ చదువుకు జామియా నిజామియా వారి మౌల్వీ, ఆలిమ్, ఫాజిల్, కామిల్ ఇమ్తెహాన్లు ఉండనే ఉన్నాయి. ఆ సనద్ ఒకసారి వస్తే జీవితాంతం చెల్లుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1917లో దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబ్ దానికి మొదటి నాజిమ్. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. తాలీమ్ అంతా ఉర్దూలో. వైద్యం ఉర్దూలో, న్యాయం ఉర్దూలో, 1929 నుంచి ఇంజనీరింగ్ కూడా ఉర్దూలో. దానికోసం మాటలు తయారు చేశారు. కరెంటు ప్రవాహానికి బర్ఖీ రౌ, రెసిస్టెన్స్‌కు ముజాహమత్, త్రిభుజానికి ముసల్లస్. వహీదుద్దీన్ సలీమ్ అయితే ఇస్తిలాహాత్, అంటే పారిభాషిక పదాలు, ఎలా తయారు చేయాలో చెప్పేందుకే ఒక కితాబ్ రాశారు. వజ్-ఎ-ఇస్తిలాహాత్, 1921. హిందుస్తానీ భాషలో ఆధునిక విద్య నేర్పొచ్చని రుజువు చేసిన పని అది. ఆ మాటలు నేను ఉర్దూ మీడియం బడిలో చదువుకున్నవాణ్ణే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక చూస్తే తెలుగు అకాడమీ వాళ్లు కూడా ఇదే కష్టం పడ్డారు. విద్యుత్ ప్రవాహం, నిరోధం. భాషలు వేరు, మెహనత్ ఒకటే.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్య. తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లిష్ వచ్చింది. ఉర్దూలో ఇంజనీరింగ్ చదివినవాడి పట్టా చెల్లకుండా పోలేదు గానీ, ఉర్దూలో చదవాలనుకున్న వాడి తమ్ముడికి దారి మూసుకుపోయింది. దఫ్తర్లలో కలం మారింది, మనుషులు మారారు. పెన్షన్ మీద బతికిన ఇళ్లు కొన్ని, దేవ్‌డీలు ముక్కలు చేసి అమ్ముకున్నవి కొన్ని. ఆ తరం పిల్లలు కొత్త సనద్ వెతుక్కున్నారు. టైపు ఇమ్తెహాన్, లోయర్, హయ్యర్. దానితోపాటు షార్ట్‌హ్యాండ్. సాయంత్రం పూట టక టక చప్పుడు వినిపించే ఇన్‌స్టిట్యూట్లు మొహల్లా మొహల్లాకూ ఉండేవి. 1978లో సర్కారు సెట్విన్ పెట్టింది. చాలామందికి సెట్విన్ అంటే చిన్న బస్సులే గుర్తు. అది నిజానికి జంట నగరాల నిరుద్యోగుల కోసం పెట్టిన శిక్షణ సంస్థ. కుట్టు మిషన్ నుంచి ఫ్రిజ్ రిపేరు దాకా నేర్పింది, తర్వాత కంప్యూటర్ కూడా.

1973 తర్వాత చమురు ధర పెరిగింది, ఖలీజ్ దేశాలు కట్టడాలు మొదలుపెట్టాయి. మావాళ్లు విమానాలెక్కారు. మొదట పోయింది డ్రైవర్లు, మేసన్లు, ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు. బార్కస్ వాళ్లకైతే అది పోవడం కూడా కాదు. వాళ్ల బుజుర్గులు హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజ్‌లోకి వచ్చినవాళ్లు, కాబట్టి తిరిగి అటు పోవడమే. పాత బస్తీలో మేడలు, పెళ్లిళ్లు, షాదీఖానాలు అన్నీ ఆ రియాళ్లతో లేచాయి. కానీ వీసా మీద రాసిన పని పేరు ఒక్కటే అక్కడ మనిషి ఖరీదు తేల్చేది. ఆమిల్, అంటే లేబర్, అని రాస్తే ఒక జీతం. ముహందిస్ అని రాస్తే ఇంకో జీతం, ఫ్యామిలీని తెచ్చుకునే హఖ్ కూడా. ఈ తేడా అర్థమైన తండ్రులు కొడుకులకు ఏ కాగజ్ కొనిపెట్టాలా అని చూస్తున్న సమయంలో సీసీఎన్‌ఏ వచ్చింది.

సిస్కో కంపెనీ 1984లో అమెరికాలో పుట్టింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కంప్యూటర్ల మనుషులు, మియా బీవీ, లియొనార్డ్ బొసాక్, శాండీ లెర్నర్ పెట్టారు. వాళ్లు తయారు చేసేది రౌటర్. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు పోయే చిట్టీని చూసి, అడ్రసు చదివి, ఏ దారిన పంపాలో తేల్చే డబ్బా. దాన్ని అమ్మడం ఒక ఎత్తు, దాన్ని నడిపే మనుషులు దొరకడం ఇంకో ఎత్తు. అందుకని కంపెనీయే ఇమ్తెహాన్ పెట్టింది. 1993లో సీసీఐఈ. అది పెద్దవాళ్లది, ల్యాబ్‌లో కూర్చోబెట్టి పరీక్షించేది. 1998లో కింది మెట్టుగా సీసీఎన్‌ఏ.

1998 హైదరాబాద్‌కు కూడా పెద్ద సంవత్సరం. నవంబర్‌లో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఆ ఏడే మొదలైంది. ట్రిపుల్ ఐటీ ఆ ఏడే. మూడూ నగరానికి పడమటి దిక్కున. కంచన్‌బాగ్ దక్షిణాన. మధ్యలో అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ బోర్డు మీద బోర్డు. జావా, ఒరాకిల్ నేర్పే గదుల పక్కనే నెట్‌వర్కింగ్ గదులు. పొద్దున ఏడింటి బ్యాచ్ కోసం ఫజర్ నమాజ్ కాగానే బస్సెక్కినవాళ్లను నేను బోలెడంతమందిని చూశాను. ఆంధ్ర జిల్లాల నుంచి, తెలంగాణ పల్లెల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉన్న పిల్లలు, పాత బస్తీ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. వాళ్ల కల న్యూజెర్సీ, వీళ్ల కల దమ్మామ్. వాళ్లు ఎక్కువగా ప్రోగ్రామింగ్ వైపు పోయారు, వీళ్లు నెట్‌వర్కింగ్ వైపు. ఎందుకు? నా అంచనా ఇది. ప్రోగ్రామింగ్ నౌకరీకి బీటెక్, ఎంసీఏ అడిగేవాళ్లు. నెట్‌వర్కింగ్‌కు ఇంటర్ పాసైనవాడు, డిగ్రీ మధ్యలో వదిలేసినవాడు కూడా ఇమ్తెహాన్ రాయొచ్చు. సిస్కో డిగ్రీ అడగదు. పైగా తీగలు, స్క్రూ డ్రైవర్లు, డబ్బాలు. ఎలక్ట్రీషియన్ కొడుక్కి అది పరాయి లోకం అనిపించలేదు.

చదువు ఎలా సాగేదంటే, టాడ్ లామ్లె కితాబ్, వెండెల్ ఓడమ్ కితాబ్. కొత్తవి కొనే తాఖత్ ఎవరికి? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి, లేదా కోఠీలో జిరాక్స్. రౌటర్ ముట్టుకోవాలంటే ఇన్‌స్టిట్యూట్‌లో పాత 2500 సిరీస్ డబ్బా ఒకటి ఉండేది, ఇరవై మందికి ఒకటి. నీలం రంగు కన్సోల్ కేబుల్ పెట్టి, 9600 స్పీడు సెట్ చేసి, నల్ల తెర మీద అక్షరాలు కనబడగానే పిల్లల మొహాల్లో వెలుగు చూడాలి. తర్వాత ప్యాకెట్ ట్రేసర్, జీఎన్‌ఎస్3 లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చి ఇంట్లో కంప్యూటర్ మీదే నఖ్లీ రౌటర్లు నడపడం కుదిరింది. అసలు ల్యాబ్ మాత్రం మా గల్లీల మీదే తయారైంది. 2000 తర్వాత కేబుల్ టీవీ వాళ్లు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఛత్ నుంచి ఛత్‌కు తీగలు, కరెంటు స్తంభానికి తాళమేసిన పెట్టె, అందులో స్విచ్. వాన పడితే మొహల్లా అంతా ఇంటర్నెట్ బంద్. నిచ్చెన వేసుకుని ఎక్కే కుర్రాడు సీసీఎన్‌ఏ చదివే పిల్లాడే అయ్యేవాడు చాలాసార్లు.

ఇమ్తెహాన్‌లో అందరినీ ఏడిపించేది సబ్‌నెట్టింగ్. ఒక నెట్‌వర్క్ అడ్రసును ముక్కలు చేయడం. కాగితం మీద, వేగంగా, క్యాలిక్యులేటర్ లేకుండా చేయాలి. దీన్ని మా వైపు ఒక ఉస్తాద్ చెప్పే తరీఖా నాకు చాలా నచ్చింది. ఆయన ప్లాటుతో మొదలుపెడతాడు. మీ అబ్బాజాన్ 256 గజాల ప్లాటు వదిలిపోయాడనుకో. నలుగురన్నదమ్ములు. తలా 64 గజాలు. అదే స్లాష్ 26. కానీ ప్రతి ముక్కలోనూ ముందు ఒక గజం గల్లీకి పోతుంది, వెనక ఒక గజం గోడకు పోతుంది. ఇల్లు కట్టేది 62లోనే. ముందుది నెట్‌వర్క్ అడ్రసు, వెనకది బ్రాడ్‌కాస్ట్. ఇంతవరకు అందరికీ తలకెక్కుతుంది, ఎందుకంటే హాఫిజ్ బాబా నగర్‌లో గజాల లెక్క రానివాడు లేడు.

తర్వాత ఆయన అడుగుతాడు. అందరూ అన్నదమ్ములే ఎందుకుంటారు? ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు అనుకో. వరాసత్ లెక్కలో కొడుకు హిస్సా ఇద్దరు కూతుళ్ల హిస్సాకు సమానం. అంటే అన్నకు 128, చెల్లెళ్లకు చెరి 64. అన్నది స్లాష్ 25, చెల్లెళ్లవి స్లాష్ 26. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండక్కర్లేదు, ఎవరికి ఎంత కావాలో అంత. దీన్ని వీఎల్‌ఎస్‌ఎమ్ అంటారు. ఇక్కడ క్లాసు కాసేపు నిశ్శబ్దమవుతుందట. ఎందుకంటే చెల్లెళ్ల హిస్సా నిజంగా ఇచ్చిన ఇళ్లు ఎన్నో అందరికీ తెలుసు. రౌటర్ మాత్రం ఎవరి అడ్రసు వాళ్లకే ఇస్తుంది. చెల్లెలి ముక్కను అన్న కలిపేసుకుంటే నెట్‌వర్క్ నడవదు.

అదే ఉస్తాద్ ఫైర్‌వాల్‌ను ఫసీల్ అంటాడు, గేట్‌వేను దర్వాజా అంటాడు. హైదరాబాద్ ఫసీల్‌ను 1740లో మొదటి అసఫ్ జా పూర్తి చేయించాడు. పదమూడు దర్వాజాలు, పదమూడు కిడికీలు. ఇప్పుడు మిగిలిన దర్వాజాలు దబీర్‌పురా, పురానా పుల్ రెండే. ఏ దర్వాజా నుంచి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో పహరావాడి దగ్గర ఫిహ్రిస్త్ ఉంటుంది కదా, అదే యాక్సెస్ లిస్ట్ అంటాడు. దారుల్ తర్జుమా ఈ రోజు ఉండి ఉంటే బైనరీకి సునాయీ, నెట్‌వర్క్‌కు జాల్ అనో ఇంకేదో అని కమిటీ కూర్చునేది. ఇక్కడ కమిటీ లేదు. నల్లబల్ల ఉంది, దక్నీ ఉంది. "క్యా సమ్జే మియా, దర్వాజే పే కౌన్ ఖడా హై?" అంటే పిల్లలకు చటుక్కున తెలుస్తుంది.

కానీ ఇమ్తెహాన్ దక్నీలో రాదు. ఇప్పుడున్న సీసీఎన్‌ఏ రెండే భాషల్లో ఉంది, ఇంగ్లిష్, జపనీస్. ఉర్దూ లేదు, తెలుగు లేదు, అరబ్బీ కూడా లేదు. 120 నిమిషాలు. ఒక సవాల్ దాటితే మళ్లీ వెనక్కి పోయి చూసుకోవడానికి ఇజాజత్ లేదు. పొడుగాటి వాక్యం, దాని మధ్యలో ఒక నాట్, చివర్లో ఒక ఎక్సెప్ట్. రౌటర్ పని చక్కగా తెలిసినవాడు ఈ నాట్ దగ్గర జారిపడతాడు. ఉర్దూ మీడియం పిల్లలు ఫెయిలయ్యింది నెట్‌వర్కింగ్‌లో కాదు, ఇంగ్లిష్ వాక్యంలో. ఈ ముక్క నేను గట్టిగానే చెప్తాను. తెలుగు మీడియం పిల్లలకూ ఇదే గతి. ఈ విషయంలో ఉదయగిరి పిల్లాడు, హాఫిజ్ బాబా నగర్ పిల్లాడు సగా భాయీలు.

ఆ జారుడు మీదనే డంప్స్ వ్యాపారం పుట్టింది. ఇమ్తెహాన్‌లో వచ్చిన సవాళ్లను ఎవరో ఎత్తుకొచ్చి, జవాబులతో సహా అమ్మేది. అర్థం అక్కర్లేదు, బట్టీ పడితే చాలు. ఇమ్తెహాన్ ముందు ప్రతివాడూ సవాళ్లు బయట చెప్పనని ఒప్పుకుంటాడు కాబట్టి ఇది అమానత్‌లో ఖియానత్. దొరికితే సిస్కో సనద్ రద్దు చేస్తుంది. అయినా నడిచింది. నెల రోజుల్లో పాస్ గ్యారంటీ అని బోర్డు పెట్టినవాళ్లు ఏం నేర్పారో అందరికీ తెలుసు. దీని నుఖ్సాన్ ఎవరికి? ఖలీజ్‌లో ఇంటర్వ్యూ చేసేవాడు డంప్స్ పిల్లలను రెండు మూడు సార్లు చూశాక కాగజ్ చూడ్డం మానేశాడు. కన్సోల్ కేబుల్ చేతికిచ్చి రెండు వ్లాన్లు కలుపు అన్నాడు. ఆరు నెలలు తరావీహ్ తర్వాత కూడా కూర్చుని చదివినవాడి సనద్ విలువ, నాలుగు రోజులు బట్టీ పట్టినవాడు తగ్గించాడు. రమజాన్‌లో సహరీ దాకా సబ్‌నెట్ లెక్కలు చేసిన పిల్లలను ఎరుగుదును. వాళ్ల మెహనత్‌కు జరిగిన ఈ అన్యాయం మీద మొహల్లాలో ఎవరూ తఖ్రీర్ చేయరు.

2006లో సచార్ కమిటీ రిపోర్టు వచ్చింది. 2001 లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశం మొత్తానికి 64.8 శాతం. మరుసటి ఏడాది మన రాష్ట్రంలో బీసీ-ఈ కింద 4 శాతం కోటా ఖానూన్ వచ్చింది. వెనకే ఫీజు రీయింబర్స్‌మెంట్. అంతకు ముందు మావాళ్లకు ముఫఖం జా, దక్కన్ కాలేజీ లాంటివి కొన్నే ఉండేవి. ఇప్పుడు ఆటోవాలా కొడుకు కూడా బీటెక్‌లో చేరాడు. దానితో సీసీఎన్‌ఏ స్థానం మారింది. డిగ్రీ లేనివాడికి నిచ్చెనగా ఉన్నది, డిగ్రీ ఉన్నవాడికి తాయత్తుగా మారింది. బీటెక్ ఒక్కటే చాలదు, మెడలో ఇది కూడా ఉండాలి. డిగ్రీ లేని పిల్లాడు మళ్లీ కిందికి జారాడు. కోటా వద్దని ఎవరంటారు, నేను అసలే అనను. కానీ ఒక దర్వాజా తెరుచుకుంటే ఇంకో కిడికీ మూసుకుపోయిన సంగతి కూడా రాసిపెట్టాలి.

ఇంతలో ఖలీజ్ మారింది. 2011లో సౌదీలో నితాఖత్ వచ్చింది. కంపెనీలకు రంగులు, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, పైన ప్లాటినం. సౌదీలను ఎంతమందిని పెట్టుకున్నారో దాన్నిబట్టి రంగు. 2016లో మొబైల్ దుకాణాల్లో పరాయివాళ్లు పని చేయకూడదన్నారు. 2017 జూలై నుంచి ఫ్యామిలీ మీద ఫీజు. మొదట ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు, ఏటా 100 చొప్పున పెరిగి 2020కి 400. బీవీ, ముగ్గురు పిల్లలు ఉన్నవాడు నెలకు 1600 రియాళ్లు ఇఖామా ఖర్చుగా కట్టాలి. జెద్దాలో, రియాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు సూట్‌కేసులతో సంతోష్‌నగర్‌లో దిగారు. మావాడు నెట్‌వర్క్ ఇంజనీర్ అని పెళ్లిళ్లలో చెప్పుకున్న తండ్రులు ఇఖామా మాట వస్తే చాయ్ కప్పులోకి చూడసాగారు.

ఇమ్తెహాన్ కూడా ఆగలేదు. 640-801 పోయి 2007లో 640-802 వచ్చింది. 2013లో 200-120, 2016లో 200-125. 2020 ఫిబ్రవరి 24న 200-301. ఇందులో ఆటోమేషన్, వైర్‌లెస్, సెక్యూరిటీ కలిపారు. నెల తిరగ్గానే లాక్‌డౌన్. సెంటర్లు మూతపడితే ఇంట్లోనే కూర్చుని కెమెరా ముందు రాసే తరీఖా పెట్టారు. గది ఖాళీగా ఉండాలి, బల్ల మీద ఏమీ ఉండకూడదు, నాలుగు గోడలూ కెమెరాకు చూపాలి, ఇమ్తెహాన్ అయ్యేదాకా ఎవరూ లోపలికి రాకూడదు. రెండు గదుల్లో ఎనిమిది మంది ఉండే ఇంట్లో ఖాళీ గది ఎక్కడిది? ఒక ఇంట్లో అందరూ ఛత్ మీదికి పోయి రెండు గంటలు కూర్చున్నారు, పసిపాపతో సహా. అయినా ఈ తరీఖా వల్ల ఆడపిల్లలకు ఒక దారి దొరికింది. సెంటర్‌కు దూరం పంపరు అన్న సమస్య లేకుండా పోయింది. దక్నీలో, తెలుగులో, హిందీలో యూట్యూబ్ పాఠాలు ఫోన్ మీద వస్తున్నాయి. నౌకరీ విషయంలో పంపుతారా పంపరా అన్నది వేరే ముచ్చట, అది ఇంకా నడుస్తూనే ఉంది.

సీసీఎన్‌ఏ సనద్ మూడేళ్లే చెల్లుతుంది. నిజామియా ఫాజిల్‌కు ఉన్న నిశ్చింత దీనికి లేదు. మూడేళ్లు తిరిగేలోపు దాన్ని మళ్లీ తాజా చేసుకోవాలి. పద్నాలుగేళ్లు దమ్మామ్‌లో రౌటర్లు నడిపి 2018లో వాపసు వచ్చినాయన ఒకరు మిధాని వైపు సీసీ కెమెరాలు బిగించే దుకాణం పెట్టుకున్నారు. ఆయన సనద్ 640-801 నాటిది. గడువు ఎప్పుడో తీరింది. ఆయన కొడుకు ఇప్పుడు బీటెక్ మూడో ఏడు, 200-301కు చదువుతున్నాడు. తండ్రి కూడా చదువుతున్నాడు. పైథాన్ పాఠాల దగ్గర తండ్రి ఆగిపోతే కొడుకు చెప్తాడు. సబ్‌నెట్ లెక్క దగ్గర కొడుకు వేళ్లు లెక్కపెట్టుకుంటుంటే తండ్రి నోటితోనే జవాబు చెప్పేస్తాడు. ఇంట్లో లాప్‌టాప్ ఒకటే. మగ్రిబ్ దాకా కొడుకుది, ఇషా తర్వాత తండ్రిది.